నాన్న కారులో నల్ల వైర్లు

జూన్ 3

షెడ్డు యజమానురాలు, వైర్ల మహారాణి అక్కగారికి,

నాన్న పోయాక మనం ఫోనులో మాట్లాడుకున్నది మూడుసార్లు. మూడుసార్లూ నువ్వే పెట్టేశావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. దీన్ని చింపగలవు గానీ మధ్యలో పెట్టేయలేవు.

నీకు కార్ల వైరింగ్ షెడ్డు ఇచ్చి వెళ్ళాడు, నాకు ఆయన పాత కారు ఇచ్చి వెళ్ళాడు. పంపకం గురించి గొడవ లేదు. ఆ కారులో నేను స్టీరియో పెట్టించాను. నాలుగు తలుపులకీ స్పీకర్లు, డిక్కీలో బీరువా అరంత పెట్టె, దాని వెనక ఆంప్లిఫయర్. పాట మొదలైతే సీటు వీపు మీద చరుస్తుంది. అద్భుతం. చిక్కేమిటంటే డోలు దెబ్బ పడినప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారి మళ్ళీ వెలుగుతున్నాయి. ఎదురొచ్చేవాళ్ళు నేనేదో సైగ చేస్తున్నాననుకుని వాళ్ళూ లైట్లు కొడుతున్నారు.

స్టీరియో అమ్మినవాడు "వైరింగ్ మొత్తం మార్చాలి సార్, ముసలి కారు కదా" అన్నాడు. వాడి గోళ్ళు చూశాను. ఒక్కదాంట్లోనూ మట్టి లేదు. అలాంటివాడికి కారు అప్పగించబుద్ధి కాలేదు. నేనే చేసుకుంటాను. ఏ వైరు ఎంత లావుండాలి, ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోవాలి, అంతవరకు గీసి పంపు. ఉపన్యాసం అక్కర్లేదు.

ఇట్లు,
షెడ్డు గడప తొక్కి ఇరవై ఎనిమిదేళ్ళయిన నీ తమ్ముడు

జూన్ 9

రంగుల రాజావారికి,

ఉపన్యాసం అక్కర్లేదన్నావు కాబట్టి ముందు అదే.

నీకు నలభై ఆరేళ్ళు. స్కూలు బస్సు నడుపుతావు. పొద్దున ఒక విడత, సాయంత్రం ఒక విడత నలభైమంది పిల్లల కేకలు వింటావు. అది చాలక సొంత డబ్బుతో పిడుగులు కొనుక్కున్నావా? నాన్న ఆ కారులో చిన్న రేడియో కూడా పెట్టనివ్వలేదు. బ్యాటరీకి బరువు అనేవారు. ఆయన పోయి ఏడాది తిరగలేదు, డిక్కీలో బీరువా పెట్టావు.

ఇప్పుడు పని సంగతి. ఆ కారులో ఆల్టర్నేటర్ ఇచ్చేది ముప్ఫై అయిదు ఆంప్స్. నీ ఆంప్లిఫయర్ ఒక్కటే అరవై తాగుతుంది. లైట్లు మసకబారకేం చేస్తాయి? ముందు పెద్ద ఆల్టర్నేటర్ వేయించు. దాన్నుంచి బ్యాటరీకి వేలంత లావు వైరు. బ్యాటరీ మైనస్ నుంచి కారు బాడీకి ఒకటి, ఇంజిన్ నుంచి బాడీకి ఒకటి, అదే లావు. ఆ తర్వాత బ్యాటరీ ప్లస్ నుంచి డిక్కీకి ఇంకొకటి. దానికి ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరంలోనే పెట్టాలి. డిక్కీలో పెడితే ఫ్యూజ్ చల్లగా ఉంటుంది, కారు కాలిపోతుంది. రేకులోంచి వైరు దూరే చోట రబ్బరు బుష్ వెయ్యి. ఎర్త్ బిగించే చోట పెయింటు గీకి రేకు మెరిసేదాకా తోము. పెయింటు మీద ఎర్త్ బిగిస్తే గోడకి ఎర్త్ ఇచ్చినట్టే.

బొమ్మ గీసి లోపల పెట్టాను. జాగ్రత్తగా చూడు. నీ చేతికి వైరు ఇస్తే ఏమవుతుందో మన వీధికంతా తెలుసు. నాకు జ్వరం వచ్చిన ఆ ఒక్కరోజు నాన్న పక్కన నిలబడ్డావు. ఆయన ఎర్రది అడిగితే బ్రౌన్‌ది ఇచ్చావు. కరెంటు వైరు పోయి ఎర్త్‌కి తగిలింది. డాక్టరుగారి కారు డ్యాష్‌బోర్డు భగ్గున అంటుకుంది. పద్దెనిమిదేళ్ళు వచ్చి రంగులు తెలియని మనిషిని నిన్నే చూశాను. నాన్న ఒక్క చెంపదెబ్బతో వదిలేశారు. నేనైతే వదిలేదాన్ని కాదు.

ఆ కారు లోపలి వైరింగ్ నాన్న ఒంటి చేత్తో చేసుకున్నది. దాని జోలికి వెళ్ళకు. కొత్తవి పక్కనుంచి లాగు.

నువ్వు సరిగ్గా తింటున్నావా అని అమ్మ అడగమంది. వాడు స్పీకర్లు తింటున్నాడని చెప్పాను.

అక్క

జూన్ 15

అక్కా,

బొమ్మ అందింది. పని తెలిసిన మనిషివని ఒప్పుకుంటాను. కానీ ఎర్ర పెన్నుతో ఎర్ర గీత గీసి, దాని పక్కన "ఎరుపు" అని రాశావు చూడు, అక్కడ నాకు కడుపు రగిలింది. నల్ల గీత పక్కన "నలుపు". ఆకుపచ్చ గీత పక్కన "ఆకుపచ్చ". నేను ఇంకా ఆ పద్దెనిమిదేళ్ళ సన్నాసినే అని ఒక్కో గీత పక్కనా చెప్పాలా? బొమ్మ చూసి నీ మరదలు కూడా నవ్వింది.

సరే. ఆదివారం ఆల్టర్నేటర్ మార్చాను. లావు వైర్లు మూడూ వేశాను. నాలుగోది డిక్కీకి లాగాలంటే డ్యాష్‌బోర్డు కింది నుంచి తప్ప దారి లేదు. అందుకని విప్పాను. నాన్న ఒంటి చేత్తో చేసిన పనితనాన్ని కళ్ళారా చూసే భాగ్యం కలిగింది.

అక్కా, మొత్తం నల్ల వైరే! హెడ్‌లైటుకి నలుపు, హారన్‌కి నలుపు, ఇండికేటర్‌కి నలుపు. ఒకే చుట్ట కొని కారంతా చుట్టేసినట్టుంది. ఏది ఏదో ఎలా తెలుస్తుందనుకున్నావు? ప్రతి వైరు రెండు చివర్లా తెల్ల దారం కట్టి ఉంది. హారన్‌కి ఒక ముడి, హెడ్‌లైటుకి రెండు, వైపర్‌కి అయిదు. వేళ్ళతో ముడులు లెక్కపెట్టుకుంటూ బోర్లా పడుకున్నాను. కంపెనీ వైర్లు మిగిలిన చోట మరీ దారుణం. ఎరుపు తెచ్చి ఆకుపచ్చకి కలిపి, కోసి, మళ్ళీ బ్రౌన్‌కి కలిపి, మళ్ళీ కోసి, ఒక్కో చోట నాలుగేసి అతుకులు. ఎవడో గుడ్డివాడు తడుముకుంటూ చేసినట్టుంది. రంగులు రానివాణ్ణి కదా నేను, నా చేత చేయించినా ఇంతకంటే బాగా చేసేవాణ్ణి.

దీనికేనా వీధి వీధంతా ఆయన పేరు చెప్పుకునేది?

తమ్ముడు

జూన్ 20

ఒరేయ్,

కాగితం కాబట్టి బతికిపోయావు.

బొమ్మ గురించి ముందు చెప్తాను. గీత పక్కన రంగు పేరు రాయడం నాన్న నాకు పదేళ్ళప్పుడు నేర్పిన పద్ధతి. "గీత చాలదమ్మా, పేరు రాయి" అనేవారు. ఇప్పటికీ షెడ్డులో ఎవరు బొమ్మ గీసినా అలాగే రాస్తారు. అది నీకు వెటకారంలా కనిపించిందంటే తప్పు పెన్నుది కాదు. లోకంలో ఎవరు ఏం చేసినా నీ గురించే అనుకోవడం నీకు మొదటినుంచీ ఉన్న జబ్బు.

రెండోది. నాన్నని గుడ్డివాడంటావా? ఆ చేత్తో ఆయన ఎన్ని కార్లు నడిపించారో నీకేం తెలుసు, నువ్వు అప్పటికే చేతులు దులుపుకుని వెళ్ళిపోయావు. నేను కోర్సు చదువుతూ హాస్టల్లో ఉన్న ఏడాది ఆయన ఆ కారు వైరింగ్ మొదలుపెట్టారు. దాని కోసం బయటివాళ్ళ వైరింగ్ ఒక్కటీ ఒప్పుకోలేదు. బ్యాటరీలు ఛార్జి చేస్తూ, మిగతా టైమంతా ఆ కారు కిందే ఉన్నారు. సెలవులకి వచ్చి నేను సాయం చేస్తానంటే కూడా చెయ్యి పెట్టనివ్వలేదు. "ఇది నా ఒక్కడి పని" అన్నారు. అంత మనసుపెట్టి చేసిన మనిషి అతుకుల బొంత కడతారా?

నువ్వు చూసింది ఆయన పని కాదు. మధ్యలో ఎవరో వెధవ చెయ్యిపెట్టి పాడుచేశాడు. లేదా నువ్వే ఇప్పుడు పాడుచేసి ఆయన మీదికి తోస్తున్నావు. రెండోదే అయ్యుంటుంది. తప్పు చేసి "నేను కాదు" అనడం నీకు కొత్త కాదు కదా.

కట్టర్ కింద పెట్టు. ఇంకొక్క వైరు తెంచావంటే నీ ఉత్తరం తెరవకుండా తిప్పి పంపిస్తాను.

అక్క

జూన్ 27

అక్కా,

పార్సిల్ పంపుతున్నాను. కోపం పక్కన పెట్టి విప్పు. ఆరు నల్ల వైరు ముక్కలు, కంపెనీ వైరు అతుకు ఒకటి. ఎక్కణ్ణుంచి తీసిందీ చీటీ మీద రాశాను.

ఆ దారం చూడు. అమ్మ పాత చీరలు కలిపి దుప్పట్లు కుడుతుంది కదా, ఆ దారం. మైనం రుద్ది పేనిన మూడు పోగులు. బయట ఏ కొట్లోనూ దొరకదు. ఏ వెధవ మన ఇంటికొచ్చి అమ్మ దారం అడిగి తీసుకెళ్ళి కారులో ముడులేశాడో నువ్వే చెప్పు. అతుకు దగ్గర టేపు చుట్టిన తీరు చూడు. చివర మడత పెట్టి, మడత మీద గోటితో నొక్కడం. అలా ఎవరు చుడతారో నాకంటే నీకే బాగా తెలుసు.

నవ్వుదామనే మొదలుపెట్టాను. రెండురోజులు నవ్వాను కూడా. మూడోరోజు బస్సులో సిగ్నల్ దగ్గర ఆగాను. ఎరుపు పోయి పచ్చ వచ్చింది. నేను కదల్లేదు. వెనక అంతా హారన్లు, లోపల పిల్లల గోల.

నిన్ను ఒకటి అడుగుతాను. ఏళ్ళ తరబడి ఆయన పక్కన నిలబడ్డావు. ఎప్పుడైనా వైరు ఆయన తనంతట తను ఏరుకోవడం చూశావా? లేక ప్రతిసారీ నువ్వే ఏరి ఇచ్చేదానివా?

లైసెన్సు కోసం వెళ్ళినప్పుడు రంగు చుక్కల పుస్తకం చూపించారు. చుక్కల మధ్య అంకెలు చదవాలి. ఒక్కటీ తప్పలేదు. బస్సు లైసెన్సు కాబట్టి అయిదేళ్ళకోసారి మళ్ళీ చూపిస్తారు. ఎప్పుడూ తప్పలేదు. ఆ సంగతి ఇంట్లో చెప్తే నువ్వే అన్నావు, "పక్కవాణ్ణి చూసి చెప్పుంటాడు" అని.

ఆ రోజు నేను ఇచ్చింది ఎర్రదే. దాన్ని తీసుకుని ఎర్త్ ఉన్న బ్రౌన్‌కి కలిపింది ఆయన. అప్పుడూ అదే చెప్పాను. కాలిపోయాక కారులో అన్నీ నల్లబడ్డాయి, నా చేతిలో ఏముందో ఎవరూ చూడలేదు.

అమ్మని అడుగు.

తమ్ముడు

జూలై 8

తమ్ముడికి,

పార్సిల్ విప్పి మూడురోజులు డ్రాయర్లో పెట్టి తాళం వేశాను. నాలుగోరోజు వంటింట్లో బల్ల మీద పరిచాను. అమ్మ బీన్స్ తుంచుతోంది. ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని, "ఇది నా దారమేనే, నీకెక్కడ దొరికింది?" అంది.

"నాన్నకి రంగులు తెలిసేవి కాదా?" అన్నాను.

"ఎరుపూ, పచ్చా, బ్రౌనూ ఒక్కలాగే ఉండేవట. మిగతావి బాగానే తెలిసేవి." కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు చెప్పింది. చెయ్యి కూడా ఆగలేదు.

"నీకెప్పటినుంచి తెలుసు?"

"పెళ్ళైన నెలలోనే. పండిన టమాటాలు తెమ్మంటే సంచీ నిండా పచ్చివి తెచ్చారు. తర్వాత నేనే అడిగాను. ఎవరికీ చెప్పొద్దన్నారు. రంగులు తెలియని ఎలక్ట్రీషియన్ దగ్గరికి కారెవరు తెస్తారు?"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు రోజూ ఆయన పక్కనే ఉండేదానివి కదా. నీకు తెలుసనుకున్నాను."

అప్పుడు నీ సంగతి అడిగాను. ఆ ఒక్క ప్రశ్నకి మాత్రం చెయ్యి ఆగింది. "ఆ రోజు నువ్వు జ్వరంతో పడుకున్నావు. డాక్టరు సాయంత్రానికి కారు కావాలన్నాడు. ఎలాగో నెట్టుకొస్తాననుకున్నారు. తగలబడ్డాక ఎవరి మీదో ఒకరి మీద పెట్టాలి కదే. షెడ్డు మూతపడితే మీ ఇద్దరికీ తిండెక్కడిది? వాడికేం, మగపిల్లాడు, బస్సు పని దొరికింది, బానే ఉన్నాడు." అని బీన్స్ గిన్నె తీసుకుని లేచింది.

నేను పదేళ్ళప్పటినుంచి ఆయన పక్కన నిలబడ్డాను. "ఎర్రది ఏదమ్మా, పేరు చెప్పి ఇవ్వు" అనేవాడు. పేరు చెప్పి ఇచ్చేదాన్ని. నాకు పని నేర్పుతున్నాడనుకున్నాను. నీకంటే నేనంటేనే ఇష్టమని, అందుకే నన్ను పక్కన పెట్టుకున్నాడని అనుకున్నాను. ఆ గర్వంతోనే ఇన్నేళ్ళూ నిన్ను ఈసడించాను. నాకు జ్వరం రాకపోతే నీకు పేరు పడేది కాదు. నేను హాస్టల్‌కి వెళ్ళిన ఏడాది ఒక్క కారూ ఎందుకు ఒప్పుకోలేదో ఇప్పుడు అర్థమైంది. తెలివైనదాన్నని అందరూ అంటారు. ఏం తెలివి!

నిన్ను "రంగుల రాజా" అని పిలిచింది మొదట నేనే. ఇంక పిలవను.

షెడ్డులో సగం నీది. కాగితాలు రాయిస్తాను. బస్సు మానేసి వచ్చెయ్యి. ఎప్పుడు వస్తావో రాయి.

అక్క

జూలై 14

అక్కా,

సగం షెడ్డు ఏం చేసుకోమంటావు? రోజంతా గ్రీజు పూసుకుని ఇంకొకరి బానెట్ కింద తల పెట్టాలా? ఆ ముచ్చట పద్దెనిమిదేళ్ళప్పుడు ఉండేది. నిజంగానే ఉండేది. ఆ రోజు పొద్దున కొత్త స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని వచ్చాను, నీకు తెలియదు. ఇప్పుడు లేదు. నాకు బస్సంటే ఇష్టం. నలభైమంది పిల్లలు నా పేరు పెట్టి అరుస్తారు. వాళ్ళు పెట్టుకున్న పేరు వేరే ఉందిలే, అది నీకు చెప్పను.

జాలిపడకు. నీకు నప్పదు. తిడుతూ రాసిన ఉత్తరాలే బావున్నాయి, కనీసం వాటిలో వైర్ల సంగతులు ఉండేవి.

అమ్మ "బానే ఉన్నాడు" అందా? అనే ఉంటుంది. ఆ మాట అనుకోవడానికి ఆవిడకి ఇరవై ఎనిమిదేళ్ళు పట్టలేదు, ఆ సాయంత్రమే అనుకుని ఉంటుంది. నేను అన్నం మానేసి పడుకుంటే కంచం తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళింది. అప్పటికే తెలుసన్నమాట. ఇన్నాళ్ళూ ఆ కంచాన్ని ప్రేమ అనుకుని దాచుకున్నాను.

కారు సంగతి చెప్తాను. నల్ల వైర్లన్నీ పీకేశాను. ముడులతో సహా సంచిలో కుక్కి బయట పెడితే చెత్తబండి ఎత్తుకెళ్ళింది. గుర్తుగా దాచమని నువ్వు అడుగుతావని తెలిసే ముందు పారేశాను. కొత్త వైర్లు రంగురంగులవి వేశాను. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. డిక్కీకి వేలంత లావుది లాగాను. ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉంది. కొలిచాను. లైట్లు ఇప్పుడు కన్ను కొట్టడం లేదు. నిన్న ఫుల్ సౌండ్ పెట్టి వీధి చివరిదాకా వెళ్ళొచ్చాను. ముగ్గురు తిట్టారు. చాలా హాయిగా ఉంది.

నువ్వు నిజంగా ఏమైనా చేయాలనుకుంటే ఒక్కటి చెయ్యి. ఆయన నన్ను కొట్టింది షెడ్డు మధ్యలో, అందరి ముందూ. నువ్వు నాకు చెప్పింది వంటింటి సంగతి, అదీ కవర్లో పెట్టి. చెప్పాల్సింది అక్కడ చెప్పు, మధ్యలో నిలబడి. చెప్పలేకపోతే చెప్పలేనని రాయి, సగం షెడ్డు ఎర వేయకు.

తమ్ముడు

జూలై 22

తమ్ముడూ,

నిన్న టీ టైములో చెప్పాను. పనివాళ్ళు నలుగురూ ఉన్నారు, ఎదురు సందులో పెయింటర్ ఉన్నాడు, పక్క కొట్టు టైర్లాయన గ్లాసు పట్టుకుని ఎప్పటిలా మన బల్ల మీదే కూర్చున్నాడు. ఆ రోజు అక్కడున్నవాళ్ళలో ఇప్పటికి మిగిలింది ఆయనొక్కడే. షెడ్డు మధ్యలో నిలబడ్డాను. డాక్టరుగారి కారు తగలబెట్టింది నా తమ్ముడు కాదు, మా నాన్న అని చెప్పాను. ఆయనకి రంగులు తెలిసేవి కాదు, ఆ తప్పు తీసుకెళ్ళి కొడుకు మీద పెట్టాడు, నేనూ దాన్ని ఇన్నేళ్ళు మోశాను అన్నాను. గట్టిగానే చెప్పాను.

పనివాళ్ళు తలలు దించుకుని కప్పుల్లోకి చూశారు. టైర్లాయన మాత్రం తాపీగా ఒక గుటక వేసి, "దానికింత గొంతు చించుకోవాలా? నాకు తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"అదే. ఆ రోజు మంటలు ఆర్పింది నేనే కదా. మీ నాన్న కొడుతున్నప్పుడు వాడి చేతిలో వైరు చుట్ట ఇంకా ఉంది. ఎర్రగా, నిప్పులా. ఇంత దూరానికి కనపడింది."

"మరి అప్పుడెందుకు నోరు విప్పలేదు?"

"మీ నాన్న నా బ్యాటరీలు ఊరికే ఛార్జి చేసి పెట్టేవాడమ్మా" అన్నాడు. సిగ్గుపడలేదు, దాచలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళి, తొట్టి నీళ్ళలో ట్యూబు ముంచి బుడగలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూసుకుంటూ కూర్చున్నాడు. నా చేతిలో స్పానర్ ఉంది. విసరలేదు. ఎందుకు విసరలేదో తెలియదు.

ఆయనని అంటాను గానీ నేను మాత్రం? ఆయన బ్యాటరీల కోసం నోరు మూసుకున్నాడు. నాన్న అప్పుడప్పుడూ "శభాషమ్మా" అంటే చాలు, నేను కళ్ళు మూసుకున్నాను. ఆయనకంటే చవగ్గా కుదిరిపోయాను.

నువ్వు వైర్లు పారేశావని చదివి మొదట మండిపడ్డాను. డ్రాయర్లో ఆరు ముక్కలున్నాయి కదా, మర్నాడు వాటినీ పారేశాను. అమ్మ దారం విప్పి ఆవిడ కుట్టుపెట్టెలో పెట్టాను. చూసి పెట్టె మూత వేసింది. ఉప్పు, పప్పు, గ్యాసు, అంతవరకే మాట్లాడుకుంటున్నాం.

షెడ్డు మాట వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు వద్దన్నది సరిగ్గానే వద్దన్నావు. ఇంక ఎర వేయను.

ఒక సాయం మాత్రం కావాలి. రోజూ పని అయ్యాక నాన్న మీద కోపం తెచ్చుకుందామని కూర్చుంటున్నాను. రావాల్సిన కోపమే, లెక్కప్రకారం ఎప్పుడో రావాలి. వస్తుంది కూడా. అంతలో ఆయన మసి చేతులు తుడుచుకుని నా జడ బిగించిన రోజొకటి గుర్తొస్తుంది, అంతా పాడైపోతుంది. నీకు ఇరవై ఎనిమిదేళ్ళుగా అలవాటైన పని. ఎలా మొదలుపెట్టాలో రాయి.

నీ అక్క